కొత్త డ్రోన్ కనెక్ట్ కావడం లేదా? ఏ పోగు తెగిందో ముందు చూడండి

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం పెండ్లి ఫొటోగ్రాఫర్లు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆడియో రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కొందరు డబ్బాలతో సహా వచ్చారు, మంచి పని చేశారు. పరకాల నుంచి వచ్చిన ఈ తమ్ముడు మూడు రోజుల క్రితం డ్రోన్ కొన్నాడు. ఇప్పటివరకు నేల మీది నుంచి లేవలేదట. అప్పు తెచ్చి కొన్న వస్తువు. ఇంట్లో వాళ్లు పొద్దుకు పదిసార్లు 'ఏమైందిరా' అని అడుగుతుంటే ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. తమ్ముడూ, ఆ డబ్బా తెచ్చి ఇట్లా బల్ల మీద పెట్టు. మనం ఈ రోజు మాట్లాడుకునేది దీన్ని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.

నేను చాలా ఏండ్లు పెండ్లిళ్లు షూట్ చేశాను. ఇప్పుడు కెమెరాలు, డ్రోన్లు బాగుచేసే బెంచీ పెట్టుకున్నాను. నా దగ్గరికి కొత్త డ్రోన్ పట్టుకొచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: 'అన్నా, పీస్ ఖరాబు వచ్చింది, వాపస్ చేస్తా.' విప్పి చూస్తే నిజంగా పీస్ ఖరాబైనవి చాలా తక్కువ. కేబుల్ దగ్గరనో, ఫోన్‌లో ఒక పర్మిషన్ దగ్గరనో, చార్జింగే పెట్టని బ్యాటరీ దగ్గరనో ఆగి ఉంటాయి. కానీ అప్పటికే ఆ మనిషి రెండు రోజులు అన్ని బటన్లూ నొక్కి, యాప్ నాలుగుసార్లు తీసేసి, రీసెట్ కొట్టి, అసలు సమస్య ఎక్కడ మొదలైందో తెలియకుండా చేసుకుని వస్తాడు. బాధ అక్కడ.

మాది వరంగల్ కొత్తవాడ. మా నాయన దర్రీలు నేసేవాడు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు నేను మగ్గం పక్కనే కూర్చునేవాడిని. పోగు తెగితే నాయన మగ్గం ఆపేవాడు, కానీ చేయి వెంటనే పెట్టేవాడు కాదు. వంగి, కండ్లు దగ్గరగా పెట్టి, పడుగు మీద చూపు నడిపించేవాడు. ఏ పోగు తెగిందో దొరికేదాకా ఇంకో పోగు ముట్టనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే ఒక్కటి తెగిన చోట పది చిక్కు పడతాయి. దొరికినంక రెండు వేళ్లతో మెలిపెట్టి అతికేవాడు, అర నిమిషం పని. వెతకడానికే టైం పట్టేది.

డ్రోన్‌కు మూడు పోగులు ఉంటాయి. ఫోన్‌కూ రిమోట్‌కూ మధ్య ఒకటి, మామూలుగా అది కేబుల్. రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య ఒకటి, అది రేడియో. డ్రోన్‌కూ పైన ఉపగ్రహాలకూ మధ్య ఒకటి, అది జీపీఎస్. ఈ మూడూ వేర్వేరు. మనం మాత్రం మూడింటికీ కలిపి 'కనెక్ట్ అయితలేదు' అనే ఒక్క మాట వాడతాం. ఫోన్‌లో బొమ్మ రాకపోతే డ్రోన్ పోయిందనుకుంటాం. అప్పుడు డ్రోన్‌కూ రిమోట్‌కూ మధ్య సంబంధం చక్కగా ఉండి ఉండవచ్చు, తెగింది కేబుల్ ఒక్కటే కావచ్చు. కాబట్టి మీరు నన్ను గానీ ఇంకెవరిని గానీ అడిగేటప్పుడు ఏది దేనితో కలవడం లేదో చెప్పండి. ఆ మాట చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

సరే, డబ్బా విప్పుదాం. ముందు కరెంటు సంగతి చూడాలి, అది లేకుండా పోగుల మాట లేదు.

కొత్త డ్రోన్ బ్యాటరీ చాలావాటిలో నిద్రలో ఉంటుంది. లిథియం బ్యాటరీని రవాణాలో నిండా చార్జింగ్‌తో పంపరు, తక్కువ చార్జింగ్‌తో, నిద్రలో పెట్టి పంపుతారు. అందుకే బటన్ ఎంత నొక్కినా లైటు రాదు. చార్జర్‌కు పెట్టగానే లేస్తుంది, వేరే మంత్రం లేదు. ఈ తమ్ముడి బ్యాటరీ చూడండి, నొక్కుతున్నాను, నాలుగు లైట్లూ వచ్చాయి. అంటే చార్జింగ్ పెట్టాడు, బాగుంది. ఇంకోటి, పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే చార్జింగ్ ఎంతుందో మాత్రమే చూపిస్తుంది. ఆన్ కావాలంటే ఒకసారి నొక్కి వదిలి, మళ్లీ నొక్కి రెండు సెకన్లు పట్టుకోవాలి. ఎక్కువ మోడళ్లలో పద్ధతి ఇదే. ఒక పెద్దమనిషి భూపాలపల్లి నుంచి బస్సెక్కి వచ్చి నా బెంచీ ముందు కూర్చున్నాడు. ఆయన సమస్య ఇదే, నొక్కి వదలడం. రెండు సెకన్లు పట్టుకుంటే అయిపోయింది. ఆయన ముఖంలో ఆ నిమిషం కనపడిన సంతోషం నాకింకా గుర్తుంది.

రిమోట్‌కు వేరే బ్యాటరీ ఉంటుంది, దానికీ చార్జింగ్ పెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇప్పుడు ఆన్ చేస్తున్నాను. రిమోట్ ముందు, తర్వాత డ్రోన్. ఆపేటప్పుడు దీనికి తలకిందులు, డ్రోన్ ముందు ఆపి రిమోట్ తర్వాత ఆపాలి. ఎందుకంటే రిమోట్ లేని డ్రోన్ కరెంటుతో ఉండకూడదు. ఒక్క నిమిషం, ఇది చూడండి. ముందు కెమెరా మీద ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉంది. తమ్ముడూ, మూడు రోజులూ ఇది పెట్టే ఆన్ చేశావా? అయ్యో, పర్వాలేదు, సిగ్గుపడకు, ఇది అందరూ చేసేదే. ఆన్ చేయగానే కెమెరా పట్టుకునే గింబల్ తనంతట తాను అటూ ఇటూ తిరిగి సర్దుకుంటుంది. కవరు ఉంటే తిరగలేదు, మోటార్ మీద లోడ్ పడిందని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. అది చూసి గింబల్ పోయిందని గుండె జారిపోతుంది. కవరు తీసి, డ్రోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే హెచ్చరిక మాయం. డ్రోన్‌ను గడ్డిలో పెట్టి ఆన్ చేసినా ఇదే వస్తుంది, గడ్డిపోచ అడ్డం పడుతుంది. అందుకే నేను ఎప్పుడూ ఒక గట్టి అట్టముక్క బ్యాగులో పెట్టుకుంటా.

రిమోట్‌కు ఫోన్ తగిలించాం. ఫోన్ చార్జింగ్ ఎక్కుతున్నట్టు చూపిస్తోంది. యాప్ మాత్రం 'డ్రోన్ కనెక్ట్ చేయండి' అనే చెబుతోంది. తమ్ముడూ, ఈ కేబుల్ డబ్బాలోదేనా? కాదా? పవర్ బ్యాంక్‌తో వచ్చిందా? సరే.

దగ్గరున్నవాళ్లు ముందుకు రండి, ఈ రెండు కేబుళ్లు చూడండి. రెండూ నల్లవే, రెండూ ఒకే పొడవు, రెండింటి మూతులూ ఒకటే. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. లోపల మాత్రం తేడా ఉంది. చవక చార్జింగ్ కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా పోయే తీగలు ఉండవు. కరెంటు పోతుంది కాబట్టి ఫోన్ చార్జింగ్ గుర్తు చూపిస్తుంది, మనం కనెక్ట్ అయిందనుకుంటాం. మాట మాత్రం పోదు. కేబుల్ అనుమానం ఉంటే దాంతో ఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టి ఫొటోలు కాపీ అవుతాయో లేదో చూడండి. కాపీ అయితే డేటా కేబులే. ఇదిగో, డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్ పెడుతున్నాను... వచ్చింది. 'ఈ యాక్సెసరీకి ఏ యాప్ తెరవాలి' అని ఫోన్ అడుగుతోంది చూశారా? డ్రోన్ యాప్ ఎంచుకుని 'ఎప్పుడూ' అని నొక్కాలి. ఇక్కడ తొందరలో వేరేది నొక్కేస్తే ఫోన్ దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎంత పెట్టినా యాప్ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లోకి పోయి, ఆ యాప్‌కు పెట్టిన డిఫాల్ట్‌లు తుడిచేస్తే మళ్లీ అడుగుతుంది.

కాబట్టి తమ్ముడి మూడు రోజుల బాధలో మొదటి పోగు ఇది. ఒక్క కేబుల్.

యాప్ గురించి ఒక మాట. డీజేఐ కంపెనీ డ్రోన్లకు వాడే డీజేఐ ఫ్లై లాంటి యాప్ ఆండ్రాయిడ్ ప్లే స్టోర్‌లో దొరకదు, కంపెనీ వెబ్‌సైట్ నుంచే దింపుకోవాలి. ప్లే స్టోర్‌లో వెతికితే దాని పేరుకు దగ్గర పేర్లతో వేరే యాప్‌లు వస్తాయి. వాటిని వేసుకుని లాగిన్ వివరాలు ఇవ్వకండి. అసలు యాప్‌కు లొకేషన్, దగ్గరి పరికరాలు, స్టోరేజ్ పర్మిషన్లు ఇవ్వాలి. బ్యాటరీ సేవర్ ఆపేయాలి, లేకపోతే ఫోనే మధ్యలో యాప్‌ను చంపేస్తుంది.

ఇప్పుడు యాక్టివేషన్ అడుగుతోంది, అంటే కొత్త డ్రోన్‌ను మన అకౌంట్‌తో కట్టడం. దీనికి ఇంటర్నెట్ కావాలి, తర్వాత అప్‌డేట్ అడుగుతుంది. రిమోట్‌లో, డ్రోన్‌లో ఒకే జతకు చెందిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే రెండూ మాట్లాడుకోవు, లేదా మాట్లాడుకున్నా ఎగరనివ్వవు. రెండు మూడు బ్యాటరీలు ఉంటే ఒక్కోదాన్నీ పెట్టి అప్‌డేట్ చేయాలి, బ్యాటరీలోనూ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అప్‌డేట్ మొదలుపెట్టేటప్పుడు రెండింటిలోనూ సగానికి పైన చార్జింగ్ ఉండాలి. మధ్యలో ఆపితే నిజంగానే పీస్ ఖరాబయ్యే ప్రమాదం ఉంది. నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, అది దిగుతూ ఉండనీయండి.

అది దిగేలోపు నా విషయం ఒకటి చెప్తాను. నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో పెండ్లి. నా మొదటి డ్రోన్ అప్పుడే చేతికొచ్చింది. ముందురోజు డబ్బా విప్పి చూసి, అన్నీ ఉన్నాయి కదా అని మూసేశాను. పెండ్లికూతురు నాయన రైతు. ఆయన ఫొటోలు, ఆల్బమ్ అంటూ పెద్దగా ఏమీ అడగలేదు, ఒక్కటే అడిగాడు: 'సార్, బరాత్ మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు పైనుంచి తీయాలె, మా గల్లీ మొత్తం కనపడాలె.' సరే అన్నాను. బరాత్ బయలుదేరే వేళకు డ్రోన్ ఆన్ చేస్తే అప్‌డేట్ తప్పనిసరి అని వచ్చింది. ఊళ్లో సిగ్నల్ ఒక గీత. నలభై శాతం దగ్గర ఆగింది, మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఆగింది. డప్పు చప్పుడు దగ్గరికొచ్చింది, ఇంటి ముందు నుంచి పోయింది, మలుపు తిరిగింది. నేను ఫోన్ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ గల్లీ ఆయన బిడ్డ పుట్టి పెరిగిన గల్లీ, ఆ రోజు మళ్లీ రాదు కదా. నాకు ఇప్పటికీ ఆ ఊరి బోర్డు కనపడితే కడుపులో కలుక్కుమంటుంది. అందుకే కాళ్లు పట్టుకుని చెప్పినట్టు చెప్తున్నాను. కొత్త డ్రోన్‌ను ఇంట్లో, వైఫై దగ్గర, రెక్కలు పెట్టకుండా ఒక రోజంతా తిప్పి చూడండి. తర్వాత ఖాళీ మైదానంలో నాలుగు బ్యాటరీల చార్జింగ్ వచ్చేంతసేపైనా ఎగరేయండి. పనికి తీసుకుపోయే మాట ఆ తర్వాతే.

పిల్లలకు కొనే చిన్న డ్రోన్ల గురించి విద్యార్థులు అడిగారు, అవి కొంచెం వేరు. చాలావాటికి కేబుల్ ఉండదు, డ్రోన్ తానే ఒక వైఫై పెడుతుంది, ఫోన్ దానికి కలవాలి. ఇక్కడ తికమక ఏమిటంటే, ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ తెలివిగా 'దీంట్లో ఇంటర్నెట్ లేదు' అని దాన్ని వదిలేసి మొబైల్ డేటాకో, ఇంటి వైఫైకో దూకుతుంది. మనకేమో కలిసి, అర నిమిషంలో విడిపోయినట్టు కనిపిస్తుంది. మొబైల్ డేటా ఆపండి, వీపీఎన్ ఉంటే ఆపండి. ఇంటర్నెట్ లేకున్నా ఇందులోనే ఉండాలా అని ఫోన్ అడిగితే ఉండమని చెప్పండి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ ఆన్ లేకపోతే చాలా యాప్‌లకు ఆ వైఫై కనపడదు. ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇవ్వాలి. ఇంతే.

రెండో పోగుకు వద్దాం, రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్యది. కొత్త డబ్బాలో ఇవి మామూలుగా జతకట్టే వస్తాయి. రిమోట్ మార్చినా, సర్వీసుకు ఇచ్చి తెచ్చినా, ఒక్కోసారి అప్‌డేట్ తర్వాతా జత విడిపోవచ్చు. అప్పుడు యాప్‌లో పెయిరింగ్ మొదలుపెట్టి, డ్రోన్ మీద బటన్ నొక్కి పట్టుకోవాలి. కొన్నింటిలో పవర్ బటన్‌నే నాలుగైదు సెకన్లు, కొన్నింటికి వేరే చిన్న లింక్ బటన్ ఉంటుంది. బీప్ వినపడాలి, రెండూ జానెడు దూరంలో ఉండాలి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఒకే మోడల్ పెట్టుకుని పెయిరింగ్ చేయకండి, ఒకరి డ్రోన్ ఇంకొకరి రిమోట్‌కు కలిసే అవకాశం ఉంది.

జత కలిసినా దూరం పోగానే సిగ్నల్ తగ్గుతోంది అంటారు. అప్పుడు ముందు యాంటెన్నా ఎట్లా పట్టుకున్నారో చూడండి. చాలామంది యాంటెన్నా కొనను డ్రోన్ వైపు చూపిస్తారు, వేలు పెట్టి చూపించినట్టు. కొన వైపు సిగ్నల్ అన్నిటికంటే తక్కువ. చెంప డ్రోన్ వైపు ఉండాలి, అంటే యాంటెన్నా వెడల్పు ముఖం. ఇదిగో, ఇట్లా నిలబెట్టి పట్టుకున్నాను చూడండి. మన ఒళ్లు కూడా అడ్డమే. డ్రోన్ వెనకకు పోయినప్పుడు మనమూ దాని వైపు తిరగాలి.

ఫంక్షన్ హాళ్ల ముందు ఇంకో కష్టం ఉంది. ఎల్ఈడీ తెరలు, డీజే సామాను, వైర్‌లెస్ మైకులు, వందల ఫోన్ల హాట్‌స్పాట్లు. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర చూడండి, అంత మంది ఆడబిడ్డలు, అందరి చేతిలో ఫోన్లు. డ్రోన్, రిమోట్ మాట్లాడుకునే 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ అంతా నిండిపోతుంది, వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే తిరుగుతాయి. అటువంటి చోట 5.8 బ్యాండ్‌కు మార్చితే గాలి కాస్త ఖాళీగా ఉంటుంది. కానీ 5.8 చెట్లనూ గోడలనూ 2.4 అంత బాగా దాటలేదు. ఊరి బయట చేన్ల మీద, చెట్ల మధ్య ఉంటే 2.4 మేలు. మామూలు రోజుల్లో ఆటో మీద వదిలేయండి. జనం తల మీదుగా మాత్రం ఏ బ్యాండ్‌లో ఉన్నా ఎగరేయకండి. పక్క నుంచి తీయండి, ఎత్తు నుంచి తీయండి. పువ్వుల మీదికి పడితే పోనీ అనుకోవచ్చు, పసిపిల్ల తల మీద పడితే ఏం సమాధానం చెప్తాం?

మూడో పోగు, పైది. దీనితోపాటే దిక్సూచి, అంటే కంపాస్, చూడాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీని దగ్గరే.

మనందరం చేసేది ఏమిటి? కొత్త డ్రోన్ తెచ్చి డాబా ఎక్కుతాం. పైన ఖాళీగా ఉంటుంది, ఎవరూ అడ్డురారు. కానీ స్లాబు లోపల ఇనుప చువ్వలు జాలీలా అల్లుకుని ఉంటాయి. దిక్సూచి అయస్కాంతంతో పనిచేసేది. స్లాబు మీద, కారు బానెట్ మీద, మ్యాన్‌హోల్ మూత పక్కన, ఇనుప గేటు దగ్గర కాలిబ్రేట్ చేస్తే, అంటే దానికి దిక్కులు సరిచేస్తే, అది ఉత్తర దిక్కును తప్పుగా నేర్చుకుంటుంది. మా ఇంటి డాబా మీద నేను అట్లాగే చేశాను. లేచింది, ఆరడుగుల మీద నిలబడింది. తర్వాత గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ముందు చిన్న చుట్టు, తర్వాత పెద్ద చుట్టు. జీపీఎస్ ఒక చోట ఉన్నావంటోంది, కంపాస్ ఇంకో దిక్కు చూస్తున్నావంటోంది. ఏది నమ్మాలో తెలియక అది సర్దుకునే కొద్దీ ఇంకా పక్కకు పోయింది. పక్కింటి వేపచెట్టులో ఇరుక్కుంది. రెండు రెక్కలు విరిగాయి, మనిషికి ఏమీ కాలేదు, అది దేవుడి దయ.

కాలిబ్రేషన్ అడిగితే మట్టి నేల మీద చేయండి. జేబులో తాళాలు, చేతికి కడియం, ఫోన్ తీసి దూరంగా పెట్టండి. డ్రోన్‌ను పడుకోబెట్టి ఒక చుట్టు, నిలబెట్టి ఒక చుట్టు తిప్పమంటుంది. అడగకుండా ప్రతిరోజూ చేయనవసరం లేదు. పెద్ద కరెంటు లైన్ల కింద అసలు వద్దు. పైగా అడ్డంకులు చూసే సెన్సార్లకు సన్న తీగలు కనపడవు, చేన్లలో అడ్డంగా పోయే సర్వీసు వైర్లు కూడా కనపడవు.

ఆన్ చేయగానే ఎగరేసే తొందర మానండి. ఆకాశం కింద పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఉపగ్రహాలు దొరికి, 'హోమ్ పాయింట్ నమోదైంది' అని యాప్ చెప్పాలి. అది చెప్పకముందే లేపితే, సిగ్నల్ పోయినప్పుడు డ్రోన్‌కు తిరిగి రావడానికి ఇల్లు తెలియదు. ఇంకో సెట్టింగ్, తిరిగొచ్చే ఎత్తు. మన ఊళ్లలో తాటిచెట్లు, సెల్ టవర్లు ఉన్నాయి. చుట్టూ చూసి, అన్నిటికంటే ఎత్తయిన దానికి మీద ఆ ఎత్తు పెట్టండి. తక్కువ పెడితే సిగ్నల్ పోయిన డ్రోన్ నేరుగా తాటిమట్టల్లోకే వస్తుంది. చెరువు మీద మాత్రం ఇంకో జాగ్రత్త. కింది సెన్సార్ నేల మీద గుర్తులు చూసి నిలబడుతుంది, కదిలే నీళ్ల మీద దానికి గుర్తులు దొరకవు. పాకాల, లక్నవరం పోయేవాళ్లు నీళ్లకు బాగా ఎత్తులో ఉంచండి.

ఇక ఎండ. మన దిక్కు ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటుతుంది. చాలా డ్రోన్లకు కంపెనీ చెప్పే హద్దు 40. పెండ్లిళ్లూ అప్పుడే. ఎండలో ముందు లొంగేది ఫోన్. వేడెక్కి తెర మసకబారుతుంది, తర్వాత యాప్ మూసుకుపోతుంది. అప్పుడు 'డ్రోన్ డిస్కనెక్ట్ అయింది' అని కేకలేస్తారు. కాలేదు. తెగింది మొదటి పోగే, రెండోది బాగానే ఉంది. డ్రోన్‌ను నడిపే రిమోట్ కర్రలు, అంటే స్టిక్‌లు, ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. చేతులు కర్రల మీద నుంచి తీసేయండి, డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. కండ్లతో చూసి దించండి. కనపడకపోతే రిమోట్ మీది రిటర్న్ బటన్ నొక్కి పట్టుకోండి, దానికి ఫోన్ అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలియక భయంతో కర్రలు అటూ ఇటూ లాగి గుద్దేసిన డ్రోన్లు నా బెంచీ మీదికి చాలా వచ్చాయి. ఇంకోటి, దించిన బ్యాటరీ వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకండి, నీడలో చల్లారనివ్వండి. కారు డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడూ పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని, ఎంత ఖరీదైనదైనా, మళ్లీ వాడకండి.

యాప్‌లో అంతా పచ్చగా ఉన్నా డ్రోన్ లేవకపోవడానికి ఇంకో కారణం, అది నిలబడిన చోటు. కొన్ని డ్రోన్లు తమ మ్యాప్‌లో నిషేధం ఉన్న చోట మోటార్లే తిప్పవు. అది ఫాల్ట్ కాదు. మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకు సొంత సరదాకైతే అక్కర్లేదు, కానీ పెండ్లి షూట్ డబ్బు తీసుకుని చేసే పని, దానికి కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఈ డ్రోన్లన్నిటికీ ఉండాలి. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో పచ్చగా చూపించే గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. జాతరలప్పుడు, వీఐపీలు వచ్చినప్పుడు పోలీసులు 96 గంటల వరకు తాత్కాలికంగా రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు, పెట్టవచ్చు. కాబట్టి నిన్న గ్రీన్ ఉన్నది ఈ రోజు ఉంటుందనుకోవద్దు. మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరిచే పని నడుస్తోంది, వరంగల్ చుట్టుపక్కలవాళ్లు మ్యాప్ ప్రతిసారీ చూడాలి. వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప ఇవన్నీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, వాళ్ల అనుమతి లేకుండా వద్దు. రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ గుడిని మనం కాపాడకపోతే ఇంకెవరు కాపాడతారు?

అప్‌డేట్ అయిపోయింది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

అక్కా, చెప్పండి. మంథని నుంచా? సెకండ్ హ్యాండ్ కొన్నారు, యాక్టివేట్ కావడం లేదు, ఇంకొకరి అకౌంట్‌తో కట్టి ఉందని వస్తోంది. అర్థమైంది. అక్కా, ఇది మీరు గానీ నేను గానీ ఇక్కడ కూర్చుని తీయగలిగేది కాదు. మొదటి యజమాని తన ఫోన్‌లో తన అకౌంట్ నుంచి ఆ డ్రోన్‌ను తీసేయాలి. అమ్మినతన్ని పట్టుకోండి. ఇక ముందు కొనేవాళ్లు డబ్బు ఇవ్వకముందే అమ్మేవాడి ముందే మీ అకౌంట్‌తో తెరిచి, లేపి చూసి కొనండి. బయటి దేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతి మన దేశంలో 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధం. బిల్లు లేని పీస్ చవకగా వస్తుందంటే అది ఎట్లా వచ్చిందో ఆలోచించండి. రేపు పాడైతే అడగడానికి మనిషి ఉండడు, పోలీసులు ఆపితే చూపించడానికి కాగితం ఉండదు.

తమ్ముడూ నీ ప్రశ్న? వీడియో ముక్కలుగా వస్తోందా? డ్రోన్‌లో రికార్డైన దాంట్లోనా, ఫోన్‌లో చూసే దాంట్లోనా? రికార్డైన దాంట్లో అయితే మెమరీ కార్డు నెమ్మదిగా ఉంది. వేగం చూపించే వీ30 గుర్తు ఉన్నది తీసుకో, డ్రోన్‌లోనే ఫార్మాట్ చేయి.

సరే, ఇక బయటికి పోదాం. ఎదురుగా మట్టి మైదానం ఉంది, పొద్దున మ్యాప్ చూసి వచ్చాను.

(ఇక్కడి నుంచి మైదానంలో రికార్డైనది.)

అందరూ నా వెనక ఉండండి. అట్ట వేశాం. రెక్కలు పెడదాం. తమ్ముడూ, చూడు, రెక్కల మీద గుర్తు ఉంది, మోటార్ మీదా గుర్తు ఉంది. గుర్తున్నవి గుర్తున్న వాటికే. రెండు అటు తిరుగుతాయి, రెండు ఇటు తిరుగుతాయి, ఎదురెదురు మూలలవి ఒక జత. తప్పు పెడితే లేవగానే బోల్తా కొడుతుంది. బిగించాక వేలితో మెల్లగా తిప్పి చూడు, ఏదీ తగలొద్దు.

రిమోట్ ఆన్. డ్రోన్ ఆన్. ఆగండి. ఉపగ్రహాలు ఆరు... తొమ్మిది... పదమూడు. విన్నారా, హోమ్ పాయింట్ అని చెప్పింది. తిరిగొచ్చే ఎత్తు, ఆ టవర్‌కు మీద పెట్టాం.

నువ్వే లేపు. నేను పక్కన ఉన్నా. మనిషెత్తు దాటినంక ఆపు. కర్రలు వదిలేయ్. చూడు, కదలడం లేదు. ఒక నిమిషం అట్లాగే ఉండనీ, పక్కకు జారుతోందా, చుట్టు తిరుగుతోందా చూద్దాం. లేదు. ఇప్పుడు కొంచెం ముందుకు, వెనక్కి. ఎడమకు, కుడికి. చప్పుడు విను, సమంగా ఉంది. ఇక దించు. దిగాక కర్ర కిందికే పట్టుకో, రెక్కలు ఆగేదాకా. ఆగాయి. చేయి పెట్టి బ్యాటరీ చూడు, కొంచెం వెచ్చగా ఉంది కదా? చల్లారనీ. రెండో బ్యాటరీ అప్‌డేట్ చేయలేదు, సాయంత్రం ఇంటికి పోయాక అది చెయ్యి.